అడవికి నిప్పు పెట్టడం కూడా మా పనే

ఏం జాబ్ అని అడిగితే ప్రభుత్వ అడవులు చూసుకుంటానండీ అంటాను, సరే అంటారు, కానీ కొన్ని రోజులు ఆ అడవికి మేమే నిప్పు పెడతాం అంటే మాత్రం నా మొహంలోకి అలా చూస్తారు. చేరిన కొత్తలో నేనూ ఒప్పుకోలేదు. మంట కనిపిస్తే ఆర్పడమే డ్యూటీ అనుకునేదాన్ని.

అలా అనుకున్నది నేనొక్కదాన్నే కాదు. అమెరికాలో ఫారెస్ట్ సర్వీస్ 1905లో పెట్టారు, ఐదేళ్లకే, 1910 ఆగస్టులో, ఐడహో మోంటానా వైపు రెండే రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు కాలిపోయింది, 80 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మంటలార్పడానికి వెళ్లినవాళ్లే. ఆ భయం వాళ్లని వదల్లేదు. 1935లో ఒక రూల్ పెట్టారు, ఎక్కడ మంట కనపడ్డా మర్నాడు పొద్దున 10 గంటలకల్లా అదుపులోకి రావాల్సిందే అని. వాళ్లని తప్పుపట్టలేను, అడవి మీద ప్రేమతోనే చేశారు. కానీ నేల మీద పాకే చిన్న మంటలు కూడా ఆగిపోయేసరికి ఎండుటాకులు, పుల్లలు, సన్న మొక్కలు ఏళ్ల తరబడి పేరుకుపోయి, తర్వాత ఎప్పుడైనా అంటుకుంటే మంట వాటిమీదుగా ఎగబాకి నేరుగా చెట్ల తలల్లోకి వెళ్లిపోయేది. కాలిఫోర్నియాలో పెరిగే సెకోయా అనే మహా పెద్ద చెట్ల సంగతైతే ఇంకా బాధ, వాటి కాయలు మంట వేడికి బాగా విచ్చుకుంటాయి, విత్తనం మొలవాలంటే ఆకుల చెత్త లేని ఒట్టి మట్టి తగలాలి. మంటే లేకపోతే పిల్ల మొక్కలెక్కడివి? 1968 నుంచి అక్కడి సెకోయా, కింగ్స్ కేన్యన్ నేషనల్ పార్కుల్లో పార్కువాళ్లే కావాలని మంట పెట్టడం మొదలుపెట్టారు, ఫారెస్ట్ సర్వీస్ కూడా ఆ పది గంటల రూల్‌ని 1978లో పూర్తిగా వదిలేసింది. అసలు అక్కడి మూలవాసులు తరతరాలుగా చేస్తున్న పనే అది, వాళ్లని ఆపించి మళ్లీ అదే నేర్చుకోవాల్సి వచ్చింది!

కాల్చే రోజు అయితే పొద్దున్నుంచీ గాలి ఎటు, గాల్లో తేమ ఎంత, పుల్లలు ఎంత ఎండాయి, ఇవే లెక్కలు. మంట గాలికి ఎదురుగా మెల్లగా పాకేలా అంటిస్తాం. గాలి తిరిగేలా ఉంటే నెలల ప్లానింగ్ పక్కన పెట్టి వెనక్కొచ్చేస్తాం, నా దృష్టిలో ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా ధైర్యం కావాల్సింది అప్పుడే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో ముందే మాట్లాడాలి, పొగ పడనివాళ్లుంటారు, వాళ్ల భయం నిజమైన భయం.

ఇందులోకి రావాలనుకునే పిల్లలు ఏం చదవాలని అడుగుతుంటారు. బోటనీ, మ్యాపులు ఎలాగూ కావాలి, దానికంటే ముందు రోజూ చూసింది రాసిపెట్టడం అలవాటు చేసుకోండి, ఎందుకంటే ఇవాళ కాల్చిన చోట ఏం మొలిచిందో పదేళ్ల తర్వాత చూసేది మీరు కాకపోవచ్చు.

అంతా అయ్యాక గ్లవ్ తీసేసి చేతి వెనకవైపు బూడిదకి దగ్గరగా పెట్టి వేడి ఉందా అని చూస్తాం, అడుగు అడుక్కీ, చీకటి పడేదాకా. నిన్న ఒక్కచోట వెచ్చగా తగిలింది, తవ్వి నీళ్లు పోసి, మళ్లీ చెయ్యి పెట్టి చూశాను.