‘పకపక’ లెక్క: హోమోజైగస్, హెటిరోజైగస్ నాకు ఎలా ఎక్కాయంటే

నీట్ రెండోసారి రాస్తున్నవాళ్ల కోసం, ముఖ్యంగా నాలాగా పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో పడ్డవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బయాలజీలో చాలా చాప్టర్లు బట్టీ కొట్టయినా గట్టెక్కొచ్చు గానీ జెనెటిక్స్ దగ్గర ఆ పప్పులు ఉడకవు. ఒక్కో లక్షణానికి జన్యువు జతగా ఉంటుంది, తల్లి నుంచొకటి, తండ్రి నుంచొకటి; ఆ జన్యువు రూపాలే యుగ్మవికల్పాలు (అల్లీల్స్). సమయుగ్మజం (హోమోజైగస్) అంటే రెండు యుగ్మవికల్పాలూ ఒకటే, విషమయుగ్మజం (హెటిరోజైగస్) అంటే రెండూ వేరు. ఈ రెండు ముక్కలూ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అర్థమైందనే అనుకున్నాను కూడా.

మొదటి ఏడాది ఒక మాక్ టెస్టులో ఇలా అడిగారు. రెండు విషమయుగ్మజ పొడవు బఠానీ మొక్కల్ని సంకరణం చేశారు, వచ్చిన వాటిలోంచి ఒక పొడవు మొక్కను తీశారు, అది విషమయుగ్మజం అయ్యే అవకాశం ఎంత? నాలుగింట్లో ఒకటి సమయుగ్మజ పొడవు, రెండు విషమయుగ్మజ పొడవు, ఒకటి కురచ, ఈ 1:2:1 నోటికొచ్చు కదా, నాలుగింట్లో రెండు అంటే సగం అని గీకేశాను. తప్పు. రావాల్సిన నాలుగు పోయాయి, పైన ఒకటి కోత, మొత్తం ఐదు మార్కుల తేడా. కోచింగ్‌లో అడిగితే ‘ఇది కామన్ సెన్స్ అమ్మా’ అని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. ఆ కామన్ సెన్స్ ఏంటో నాకు ఆ ఏడంతా తెలియలేదు.

తెలిసింది ఇంటికొచ్చాక. మాది ఆచంట దగ్గర పల్లెటూరు. ర్యాంకు రాక మొహం వేలాడేసుకుని జూన్‌లో ఇంట్లో ఉంటే తాతయ్య సార్వాకి, అంటే ఖరీఫ్ పంటకి, విత్తనాలు మండె కట్టుకుంటున్నాడు. నానబెట్టిన వడ్లు గోనె సంచిలో పోసి, పైన తడి గడ్డి కప్పి, మర్నాడు చెయ్యి లోపలికి పెట్టి చూస్తే వెచ్చగా, తెల్లటి ముల్లులాంటి మొలకతో ఉంటాయి. అవి స్వర్ణ వడ్లు, అంటే ఎంటీయూ 7029, మా పక్కనే ఉన్న మార్టేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన రకం. ఆ విత్తనం కొనలేదట, నాలుగేళ్లుగా చేలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరి పారేసుకుంటూ మా గాదెలోదే వాడుతున్నారట. మరి మెట్టలో మా మావయ్య హైబ్రిడ్ మొక్కజొన్నకి ఏటా ప్యాకెట్లు ఎందుకు కొంటాడు అని అడిగాను.

తాతయ్య నవ్వి, ‘ఓ ఏడు మీ మావయ్య కూడా తెలివి చూపించాడమ్మడూ, పోయినేటి పొత్తుల్లో బాగున్నవి దాచి ఓ పావెకరం వేశాడు. ఒకటి మనిషంత లేచింది, ఒకటి నడుం దాకా ఆగిపోయింది, పొత్తులు చూస్తే ఒక్కోటి ఒక్కో సైజు. తల్లిచేను చూస్తే అంతా ఒక్క ఎత్తున కోసినట్టుండేది’ అన్నాడు.

అప్పుడు వెలిగింది నాకు. హైబ్రిడ్ చేనంతా ఒకేలా ఉంటుంది, ఎందుకంటే ప్రతి మొక్కా ఒకే రకం విషమయుగ్మజం. స్వర్ణ చేనూ ఒకేలా ఉంటుంది, కానీ అక్కడ ప్రతి మొక్కా సమయుగ్మజం. కంటికి రెండు చేలూ ఒకటే, తేడా బయటపడేది మరుసటి పంటలో. హైబ్రిడ్ గింజ దాచి వేస్తే జతలు విడిపోయి పిల్లలు రకరకాలుగా వస్తాయి. వరి చాలావరకు తన పుప్పొడితోనే తాను గింజ కడుతుంది, ఇటూ అటూ ఒకే యుగ్మవికల్పం కాబట్టి పిల్లకి వేరేది వచ్చే దారే లేదు. వశిష్ఠ, మషూరి అనే రెండు వరి రకాల్ని కలిపి పుట్టించిందే ఈ స్వర్ణ. అంటే అది కూడా ఒకప్పుడు మొదటి తరంలో విషమయుగ్మజమే. స్వపరాగ సంపర్కం జరిగిన ప్రతి తరానికీ ఆ విషమయుగ్మజత సగానికి పడిపోతుంది: 100, 50, 25, 12.5, 6.25, 3.125. ఇలా తరాల కొద్దీ పండించి ఏరితే గానీ రకం ‘నిలబడదు’. ఈ సగానికి సగం లెక్క మీద ప్రశ్నలొస్తాయి, రాసి పెట్టుకోండి.

ఇక నా మాక్ టెస్టు లెక్కకొద్దాం. రఫ్ వర్క్‌లో పెద్ద ‘సి’, చిన్న ‘సి’ నాకు ఎప్పుడూ ఒకేలా పడేవి, తొందరలో దేన్ని ఏదిగా చదువుతానో నాకే తెలీదు. అందుకని తెలుగు అక్షరాలు పట్టుకున్నాను. పొడవుకి ‘ప’, కురచకి ‘క’. రెండూ కలిసి ఉంటే ప మాటే చెల్లుతుంది, మొక్క పొడవే. పప ఒక సమయుగ్మజం, కక ఇంకో సమయుగ్మజం. చాలామంది సమయుగ్మజం అనగానే బహిర్గతం (డామినెంట్, ప లాగా ఒక్కటున్నా పైకి కనపడేది) అనేసుకుంటారు, నేనూ అంతే, కానీ కక కూడా శుద్ధంగా సమయుగ్మజమే. పక ఒక్కటే విషమయుగ్మజం. దానికి దాంతోనే సంకరణం చేస్తే ఏమవుతుంది, పక పక. రాస్తుంటే పక్కన మా తమ్ముడు నిజంగానే పకపకా నవ్వాడు, అందుకే ఇక మర్చిపోలేదు.

పకపక నుంచి పప, పక, కప, కక వస్తాయి. ఇప్పుడు ప్రశ్న మళ్లీ చదవండి, ‘ఒక పొడవు మొక్కను తీశారు’ అన్నాడు. అంటే కకని వాడే బయటికి తోసేశాడు. మిగిలినవి మూడు, వాటిలో క ఉన్నవి రెండు. మూడింట రెండు. ఇంతే ఆ కామన్ సెన్స్! బఠానీ మొక్కలతో జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ ఇది చేసి చూశాడు కూడా. రెండో తరం గుండ్రటి విత్తనాల నుంచి 565 మొక్కలు పెంచి వాటి సంతతి చూస్తే 193 మాత్రమే అన్నీ గుండ్రటివే ఇచ్చాయి, 372 గుండ్రటివీ ముడతలవీ కలిపి ఇచ్చాయి. భాగించి చూడండి, 2:1కి ఎంత దగ్గరగా ఉందో. మూడు పొడవుకి ఒక కురచ, ఆ 3:1 అందరికీ తెలుసు, దాని కడుపులో ఉన్న ఈ 2:1ని ఎవరూ పట్టించుకోరు.

మెండెల్ అయినా మా మావయ్య అయినా చేసింది ఒకటే, విత్తనం వేసి పిల్లల్ని చూడటం. పరీక్షా సంకరణం (టెస్ట్ క్రాస్) అందులో దగ్గరి దారి. అనుమానం ఉన్న పొడవు మొక్కని కకతో కలుపుతారు. అన్నీ పొడవే వస్తే అది పప అయినట్టే, కురచది ఒక్కటి వచ్చినా పక. కకనే ఎందుకు అంటే దాని దగ్గర దాచేందుకు ఏమీ లేదు, అవతలిది ఏమిచ్చిందో అదే బయట కనపడుతుంది. చంద్రకాంత పూలలో ఈ బాధ లేదు, ఎరుపు తెలుపు కలిస్తే గులాబీ రంగొస్తుంది కాబట్టి విషమయుగ్మజం చూడగానే దొరికిపోతుంది, అక్కడ దృశ్యరూపం (ఫీనోటైప్, అంటే పైకి కనపడేది) కూడా 1:2:1.

ఇంకొకటి. సమయుగ్మజమా విషమయుగ్మజమా అన్నది మొక్క మొత్తానికి చెప్పేది కాదు, ఒక్కో జన్యువుకి విడిగా చూడాలి. మూడు జతలిచ్చి రెండే విషమయుగ్మజం అయితే, ఆ జన్యువులు స్వతంత్రంగా విడిపోతాయనుకుంటే, సంయోగబీజాలు (గామీట్లు, అంటే జతలోంచి ఒక్కొక్కటే మోసుకెళ్లే పుప్పొడి, అండ కణాలు) నాలుగు రకాలే, ఎనిమిది కాదు. ఒక జతకి రెండు, రెండు జతలకి రెండు రెళ్లు నాలుగు, సమయుగ్మజ జతకి ఒక్కటే కాబట్టి లెక్క పెరగదు. ఇక్కడ కూడా నేను ఒకసారి ఐదు మార్కులు వదిలాను, వివరాలొద్దు.

బ్లడ్ గ్రూపులు మాత్రం సొంతింట్లో చేసుకోండి, పుస్తకంలో కన్నా బాగా ఎక్కుతుంది. మా నాన్నది ఏ, అమ్మది బి, తమ్ముడిది ఓ. ఓ రావాలంటే ఇద్దరి నుంచీ అంతర్గతం (రిసెసివ్, క లాగా దాగి ఉండేది) వచ్చి తీరాలి, అంటే ఇద్దరూ విషమయుగ్మజమే, ఏ టెస్టూ అక్కర్లేదు. ఇదే వంటింట్లో అమ్మకి వివరంగా చెప్పాను, నాన్న పైకి ఏ గ్రూపుగా కనపడినా లోపల ఇంకోటి దాచిపెట్టుకున్నారని. అమ్మ పోపు వేగించడం ఆపకుండానే, ‘అది నాకు పెళ్లైన ఏడాదే తెలిసిందిలే, నువ్వు చదువుకో’ అంది.