కింద కూర్చుంటే లేవలేకపోయిన రోజులు

విటమిన్ డి లోటుతో వచ్చిన నా ఎముకల జబ్బు మొదట బయటపడింది కత్తిపీట దగ్గర. కూరగాయలు తరగడానికి కింద కూర్చుంటే, మోకాళ్ల మీద చేతులు ఊని, గోడ పట్టుకుంటే తప్ప లేవలేకపోయేదాన్ని. అప్పటికి నాకు నలభై మూడేళ్లు. తిరుపతిలో ఒక బట్టల షోరూంలో అకౌంట్స్ చూస్తాను. మా లెక్కల గది సెల్లార్‌లో ఉంటుంది. పొద్దున షాపు తెరిచేటప్పుడు లోపలికి వెళ్తే, దీపాలు పెట్టాకే బయటికి రావడం.

తరవాత మెట్లు కష్టమయ్యాయి. మా ఇల్లు రెండో అంతస్తులో. రెయిలింగ్ పట్టుకుని ఒళ్లంతా పైకి లాక్కుంటే గానీ మెట్టు ఎక్కేది కాదు. పెళ్లయిన కొత్తలో అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి స్వామి దర్శనం చేసుకున్నదాన్ని, ఆర్టీసీ బస్సు మెట్టు ఎక్కడానికి కండక్టర్ చెయ్యి అందించాల్సి వచ్చేది. తల దువ్వుకుంటుంటే చేతులు పైన నిలిచేవి కావు. తుంటి దగ్గర, పక్కటెముకల్లో లోలోపల ఒక సలుపు. రాత్రి పక్క తిరిగితే మెలకువ వచ్చేది. ఒకరోజు నేను వంటింట్లోంచి వస్తుంటే మా అమ్మాయి అంది, "అమ్మా, బాతులాగా అటూ ఇటూ ఊగుతూ నడుస్తున్నావేంటి?" దాని మొహంలో భయం చూశాక నాకూ టెన్షన్ మొదలైంది.

చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటే మాట. "నలభై దాటినాక ఇవన్నీ మామూలేలేమ్మా" అని అత్తమ్మ. చికెన్‌గున్యా నొప్పులు ఏళ్ల తరబడి పోవని పక్కింటి అక్క. ఒక క్లినిక్‌లో నరాల బలహీనత అన్నారు, వరసగా బీకాంప్లెక్స్ ఇంజెక్షన్లు చేశారు. నొప్పి మాత్రలు మింగీ మింగీ కడుపులో మంట పట్టుకుంది. కీళ్ల జబ్బులేమోనని ఆర్‌ఏ ఫ్యాక్టర్, యూరిక్ యాసిడ్ పరీక్షలు చేయిస్తే రెండూ నార్మల్. రిపోర్టు బాగుంది కదా, మనసులో దిగులు పెట్టుకోవద్దన్నారు. నొప్పి ఉందని చెబుతుంటే దిగులని తేల్చేయడం ఆడవాళ్ల విషయంలో ఎంత సులువుగా జరిగిపోతుందో! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

చివరికి మా ఆయన ఒక ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి తీసుకెళ్లారు. ఆ డాక్టరమ్మ పాత రిపోర్టులు పక్కన పెట్టి, "చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవండమ్మా" అన్నారు. లేవలేకపోయాను. బల్ల మీద పడుకోబెట్టి, మోకాలికి కిందగా, కాలి ముందువైపు ఎముక మీద బొటనవేలితో నొక్కారు. గట్టిగా ఏమీ కాదు, పండు మగ్గిందో లేదో చూసేటంత. ప్రాణం పోయినంత పనైంది. అరిచేశాను. ఆవిడ వెంటనే చెయ్యి తీసేసి, "నొప్పి కీలులో లేదు, ఎముకలో ఉంది. కండలో కూడా బలం లేదు" అన్నారు. ఇన్నాళ్లకి నా మాట ఒకరు నమ్మారని అక్కడే కళ్లలో నీళ్లు తిరిగాయి.

రక్తపరీక్షలో విటమిన్ డి స్థాయి 6 వచ్చింది. మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువుంటే లోటు కింద లెక్క. ఎముకల జబ్బులో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము, ఎముకల్లోంచి కాల్షియం లాగే పారాథార్మోన్ రెండూ బాగా పెరిగి ఉన్నాయి, ఫాస్ఫరస్ తగ్గింది. కిడ్నీలు, లివరు బాగానే ఉన్నాయి. తుంటి ఎక్స్‌రేలో చీలికలేమీ లేవు. దీన్ని ఆస్టియోమలేషియా అంటారట, ఎముకలు మెత్తబడటం. ఇదే లోటు చిన్నపిల్లలకి వస్తే రికెట్స్, కాళ్లు వంకర తిరుగుతాయి.

"మా ఇంట్లో రాగి సంగటి లేని రోజుండదు, నాకు ఎముకల జబ్బేంటమ్మా?" అని అడిగాను. రాగుల్లో కాల్షియం మెండుగా ఉన్న మాట నిజమే, వంద గ్రాములకి మూడు వందల మిల్లీగ్రాముల పైమాటే. కానీ విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియంలో పది, పదిహేను శాతమే పేగు లోపలికి తీసుకుంటుందట. అది చాలక ఒంట్లోని పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచే కాల్షియం లాగి రక్తంలోకి వదులుతుంది. పైగా ధాన్యాల్లోని ఫైటేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని కొంత పట్టేసుకుంటాయి. మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులే 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ చుట్టుపక్కల పల్లెల్లోనూ పట్నంలోనూ ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్లలో కూడా విటమిన్ డి లోటు, తిండిలో కాల్షియం తక్కువ, ఫైటేట్లు ఎక్కువ కనిపించాయని ఆవిడ చెప్పారు. ఇంత ఎండ కాసే ఊళ్లో నేనొక్కదాన్నే ఇలా అయ్యానేమో అనుకున్నదాన్ని, ఆ మాటతో కాస్త కుదుటపడ్డాను.

మందు చీటీలో ఉన్నది కొంచెమే. 60,000 యూనిట్ల విటమిన్ డి3 గుళిక వారానికి ఒకటి, ఎనిమిది వారాలు. రోజూ కాల్షియం మాత్రలు. గుళిక ఖాళీ కడుపున కాకుండా, నెయ్యో నూనో ఉన్న భోజనం చేశాక వేసుకోవాలి. ఇది కొవ్వులో కరిగే విటమిన్. "వారానికి ఒకటి" అన్న మాట డాక్టరమ్మ మూడుసార్లు చెప్పించుకున్నారు నాతో. రోజుకొకటి మింగేసినవాళ్లు, బాగుంది కదా అని డాక్టర్ని అడగకుండా నెలల తరబడి కొనసాగించినవాళ్లు రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకంతో వస్తారట, కిడ్నీలు కూడా దెబ్బతింటాయట. మా ఆయన ఆ స్ట్రిప్ వెనక ప్రతి గుళిక పక్కనా ఆదివారం తేదీలు పెన్నుతో రాసిపెట్టారు. దయచేసి ఎవరూ నా చీటీ చూసి మెడికల్ షాపులో కొనుక్కోకండి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లకి, సార్కాయిడోసిస్ లాంటి జబ్బులున్నవాళ్లకి లెక్క వేరే ఉంటుంది.

ఎండ సంగతి కూడా అడిగాను. పొద్దున్నే లేత ఎండలో నిలబడితే చాలని మనందరం అనుకుంటాం. చర్మంలో విటమిన్ డి తయారు కావడానికి కావాల్సిన యూవీబీ కిరణాలు ఆ వేళకి చాలా తక్కువట. మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడు తగిలే ఎండే పనికొస్తుంది. కిటికీ అద్దంలోంచి పడే ఎండతో లాభం లేదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. మన చామనఛాయకి తెల్లవాళ్ల కంటే ఎక్కువసేపు కావాలి. అప్పటినుంచి మధ్యాహ్నం క్యారియర్ తినేశాక షోరూం మిద్దె మీద, నీళ్ల ట్యాంకుల పక్కన, జాకెట్టు చేతులు పైకి మడుచుకుని కాసేపు నిలబడుతున్నాను. ఎండాకాలంలో నాలుగైదు నిమిషాలకే నీడలోకి వచ్చేస్తాను, చర్మం కమిలేదాకా ఉండకూడదు. "నల్లబడిపోతావక్కా" అని సేల్స్ పిల్లలు మొదట్లో గోల చేశారు. ఇప్పుడు వాళ్లలో ఇద్దరు నాతోపాటే వస్తున్నారు.

గుణం ఒక్కసారిగా కనబడలేదు. మొదటి రెండు వారాలూ ఏ మార్పూ లేదు, నిజం చెప్పాలంటే ఏడుపొచ్చేది. తరవాత మెల్లగా తొడల్లో బలం వచ్చింది. నొప్పి పోవడానికి ముందే నాకు బలం తిరిగొచ్చింది. ఎముకల సలుపు పూర్తిగా పోవడానికి నెలలు పట్టింది. మూడు నెలలకి చేసిన పరీక్షలో డి 34కి వచ్చింది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ దిగడం మొదలైంది. ఇప్పుడు నెలకొక గుళిక. ప్యాకెట్ మీద ప్లస్ ఎఫ్ గుర్తున్న పాలే తెప్పిస్తున్నాం, వాటిలో ఎ, డి విటమిన్లు కలుపుతారు.

ఈమధ్య అత్తమ్మ కుర్చీలోంచి లేస్తూ రెండు చేతులూ ఊనుకోవడం గమనించాను. వయసేలే అని ఊరుకోబుద్ధి కాలేదు. డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే డి 11 వచ్చింది. ఆమెకి ఒకప్పుడు కిడ్నీలో రాయి ఉండేది కాబట్టి ముందు రక్తంలో, మూత్రంలో కాల్షియం చూశారు, స్కాన్ చేయించారు, ఆ తరవాతే మందు రాశారు. కాల్షియం మాత్రలు వద్దన్నారు, పాలూ పెరుగే చాలన్నారు. పోయిన ఆదివారం మొదటి గుళిక వేసుకుంది.