కెటిల్ నీళ్ళ సంగటి: పలుకు ఇంకా వదల్లేదు

కెటిల్ నీళ్ళు పోసి కలిపితే ముద్దయ్యేలా రాగి సంగటిని ఎండబెట్టి పొడి చేస్తున్నాను, ఈ బ్యాచ్ కూడా పోయింది. రంగు కుదిరింది, వాసన కుదిరింది, ముద్ద చేతికి అంటకుండా వచ్చింది. నోట్లో పెట్టుకుంటే మాత్రం పలుకు. ముందు పళ్ళ వెనక నాలుకతో రుద్ది చూస్తే సన్న ఇసుకలా తగులుతోంది. మనమైతే ఊరుబిండి నంజుకుని తినేస్తాం. కానీ ఇది బ్యాంకాక్‌లో ఉన్న అక్క కోసం. వెనీర్ల (పళ్ళ ముందు వైపు అతికించే పల్చటి పింగాణీ పొరలు) కోసం ముందు పళ్ళ పైపొర కాస్త అరగదీసి, పైన తాత్కాలికంగా ప్లాస్టిక్‌వి అతికించారు. అసలువి ల్యాబ్ నుంచి వచ్చేదాకా వాటితోనే గడపాలి. వాటికి బలం తక్కువ, చిగురు దగ్గర అంచు అంత నున్నగా ఉండదు, ఏ చిన్న పలుకైనా అక్కడే ఇరుక్కుంటుంది. చిగురు ఇప్పటికే నొప్పిగా ఉందట. అందుకే ఈ పొడి పంపేది లేదు.

మిగతావి బాగానే వచ్చాయి. పెసరపప్పు పొంగలి మిక్స్ పది నిమిషాల్లో మెత్తబడుతోంది. మిరియాలు, జీలకర్ర పొడి కొట్టి కలిపాను. అటుకుల పొడి పెరుగులో బాగుంది.

అన్నిట్లోనూ పసుపు తీసేశాను. ఈ విషయంలో నేను రాజీపడను. పింగాణీ వెనీర్‌కు మరక అంత తేలిగ్గా పట్టదు కానీ, తాత్కాలికవాటికి, అతికించే రెజిన్ అంచుకు పసుపు ఇట్టే పట్టేస్తుంది. రెడీమేడ్ పొంగలి, కిచిడీ ప్యాకెట్లు కొనేవాళ్ళు ముందు వెనకవైపు చదవండి, చాలావాటిలో పసుపు ఉంటుంది.

ఇక సంగటి లెక్క. రాగిపిండి 100 గ్రాములు, బియ్యపు నూక 50, నీళ్ళు 450 మిల్లీలీటర్లు. నూక మెత్తగా ఉడికాక పిండి పోసి, మగ్గనిచ్చి, కట్టెతో గెలికాను, ఇంట్లో రోజూ చేసినట్టే. వేడి మీదే 4 మిల్లీమీటర్ల మందాన ట్రేల మీద పరిచి, డీహైడ్రేటర్‌లో 60 డిగ్రీల దగ్గర 9 గంటలు ఉంచాను. 138 గ్రాముల పెంకులు వచ్చాయి. విరిస్తే టప్పుమంటున్నాయి కాబట్టి తేమ పోయినట్టే. ప్రీతి మిక్సీ చిన్న జార్‌లో ఆపి ఆపి తిప్పి (పొడులకు దాన్ని మించిన జార్ నేను చూడలేదు), మైదా జల్లెడలో జల్లించాను.

40 గ్రాముల పొడి, 150 మిల్లీలీటర్ల మరిగిన నీళ్ళు, స్టీలు డబ్బా, మూత. కెటిల్ ఆగగానే పోసినా, కలిపేసరికి డబ్బాలో 84 డిగ్రీలే. 5 నిమిషాలకు పైన జిగురు, లోపల పలుకు. 15 నిమిషాలకు 66 డిగ్రీలకు దిగింది, పలుకు అలాగే. అరగంట దాటాక గోరువెచ్చన అయింది. అక్క తినాల్సిన వేడి అదే, ఎందుకంటే ఇప్పుడు వేడివీ చల్లవీ రెండూ పళ్ళకు జివ్వుమంటున్నాయి. అప్పటికీ పలుకే. నీళ్ళు 180కి పెంచితే ముద్ద పోయి అంబలి అయింది తప్ప పలుకు పోలేదు.

మొదట అనుమానం రాగి పొట్టు మీద. అందుకని కొంచెం పొడి రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, పల్చటి గుడ్డలో వడకట్టి, మిగిలినదాన్ని ఫోన్ టార్చ్ కింద చూశాను. ముదురు ఎరుపు పొట్టు రేకులు ఉన్నాయి కానీ కొద్దిగానే. ఎక్కువ భాగం తేటగా మెరిసే చిన్న ముక్కలు, గోటితో నొక్కితే మెత్తగా నలిగిపోయాయి. అంటే దోషం ఎక్కువగా పొట్టుది కాదు, ఎండిన పిండిదే. దానికి నీళ్ళు పట్టడానికి అరగంట చాలదు, రాత్రంతా కావాలి.

నా అంచనా ఇది. ఉడికిన పిండి నెమ్మదిగా ఆరితే లోపల గట్టిపడి, మళ్ళీ నీళ్ళు పీల్చుకోవడానికి మొరాయిస్తుంది. రాత్రి మిగిలిన అన్నం పొద్దునకు బిరుసెక్కేదీ ఇందుకే. పొంగలిలో మెతుకులు విడివిడిగా ఆరాయి, మధ్యలో గాలి ఆడింది. సంగటిని కట్టెతో గెలికి గెలికి ఖాళీ లేకుండా చేశాం, అది పలకలా ఆరింది. 4 మిల్లీమీటర్ల మందం కూడా ఎక్కువే అయుండాలి.

పచ్చి పిండిని దోరగా వేయించి కెటిల్ నీళ్ళు పోయమని చాలామంది చెబుతారు. దానికి ఉండలు కట్టడం ఖాయం, లోపల పొడిపిండి, పైగా పచ్చివాసన. మొలకెత్తిన రాగిపిండితో ముద్ద నిలవదు. మొలకలో పుట్టే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విరిచి జారుగా చేస్తుంది. జావకు అది మంచి గుణమే, సంగటికి కాదు.

నిన్న అక్క ఫోన్ చేసి "గంజి తిని తిని నోరు చచ్చిపోయింది, ఏదో ఒకటి పంపురా" అంది. అక్కడ జోక్ అని బియ్యం గంజి దొరుకుతుంది, మెత్తగా బాగుంటుందట, కానీ మామూలుగా పంది మాంసం వేస్తారు. అక్క గుడ్డు తప్ప మాంసం ముట్టదు. పసుపు రంగు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో 'జే' అని రాసిన చోట పూర్తి శాకాహారం దొరుకుతుంది, అక్కడ టోఫు సూప్ చల్లార్చుకుని తాగుతోంది. అరటిపండు, పండిన బొప్పాయి ముక్కలు చేసుకుని పక్క పళ్ళతో నములుతోంది. సోమ్ తమ్ వద్దన్నాను, పచ్చి బొప్పాయి కోరు, పైన చెనిక్కాయలు. ఐసు వేసిన నారింజ రంగు టీ, పసుపు వేసే కూరలు కూడా వద్దన్నాను. మామిడిపండుతో ఇచ్చే జిగురు అన్నం అసలు వెనీర్లు అతికాకే తినాలి, తాత్కాలికవాటిని లాక్కొచ్చేస్తుందేమోనని నా భయం. వెనీర్ మందం అర మిల్లీమీటర్ అటూ ఇటూ, కాబట్టి మురుకులు, చెక్కలు, చెరుకు ముందు పళ్ళతో కొరకడం తర్వాత కూడా కుదరదు.

వచ్చే బ్యాచ్‌లో సంగటి మానేసి, నూక కూడా మెత్తగా రుబ్బి, నీళ్ళు రెట్టింపు పోసి చిక్కటి జావ కాస్తాను. పసిపిల్లల సెరియల్స్‌ను ఫ్యాక్టరీల్లో వేడి రోలర్ల మీద పల్చటి పొరగా క్షణాల్లో ఆరబెడతారు. మన దగ్గర రోలర్ లేదు కాబట్టి ట్రే షీటు మీద 1 మిల్లీమీటర్ మందాన పూసి, 70 డిగ్రీల మీద త్వరగా ఆరబెట్టి, పొడి కొట్టకుండా రేకులుగానే ఉంచుతాను. ఇంకొంత జావను వడియాల గుడ్డ మీద మేడపై ఎండకు పెడతాను. తిరుపతి ఎండ ఈ నెలలో డీహైడ్రేటర్‌కు తీసిపోదు, దుమ్ము ఒక్కటే ఇబ్బంది.

అదీ కుదరకపోతే హురిహిట్టు. కర్ణాటకలో రాగుల్ని తడిపి, ఆరనిచ్చి, వేడి ఇసుకలో పేలాలుగా వేయించి పిండి కొడతారు; ఉడికించే పనే లేదు, పాలలోనో పెరుగులోనో కలిపి తినడమే. పొట్టు అందులోనూ ఉంటుంది, అందుకని గుడ్డతో జల్లించాలి. బావ చెన్నై వచ్చి వెళ్ళేలోపు రెండూ తేల్చాలి. రేపు రాగులు కొని, కడిగి ఎండబెట్టి, మిల్లులో రెండుసార్లు ఆడిస్తాను. ప్యాకెట్ పిండి కంటే అది చాలా మెత్తగా వస్తుంది.