వారధి దిగాక

గురువారం రాత్రి

ఇవాళ రోడ్డు మీద ఏ ప్రమాదమూ చూడలేదు. విజయవాడ నుంచి గుంటూరు వైపు రోజూ బండి మీద ఉద్యోగానికి పోయేవాళ్ళకి ఇది చెప్పుకోదగ్గ సంగతే. అయినా మనసు కుదురుగా లేదు. రెండు విషయాలు రాసుకుంటే గానీ నిద్ర పట్టేలా లేదు.

పటమటలో బయల్దేరి బెంజ్ సర్కిల్ దాటి కనకదుర్గ వారధి ఎక్కేదాకా నాకు పెద్ద టెన్షన్ ఉండదు. ట్రాఫిక్ ఎంత ఉన్నా అందరం నెమ్మదిగానే కదులుతాం. తగిలితే అద్దమో ఇండికేటరో పగులుతుంది. వారధి దిగి తాడేపల్లి దాటాకే అసలు భయం. ఎదురుగా రోడ్డు విశాలంగా కనబడేసరికి ప్రతివాళ్ళకీ స్పీడు పెంచాలనిపిస్తుంది. చెన్నై నుంచి కోల్‌కతా పోయే లారీ, మంగళగిరి ఎయిమ్స్‌కి పేషెంటుని తీసుకెళ్ళే ఆటో, నాగార్జున యూనివర్సిటీ కుర్రాళ్ళ బైకులు, పాల క్యాన్లు కట్టిన టీవీఎస్ బండి, అన్నిటికీ ఇదే రోడ్డు. ఎవరి తొందర వాళ్ళది.

పొద్దున చినకాకాని దాటాక ఎడమ లేన్‌లో తలకాయంత రాళ్ళు పడి ఉన్నాయి. వాటి పక్కన సగం వాడిన వేప కొమ్మ. ముందు పోతున్న బైకు అబ్బాయి చివరి క్షణంలో చూసి బండి పక్కకి తిప్పాడు. వెనకాల వస్తున్న బస్సు అప్పటికే హారన్ కొడుతోంది. అక్కడ ఏ లారీ ఆగి ఉన్నా సరే, ఆ కుర్రాడు దాని కిందకే పోయేవాడు. నేను బండి పక్కకి తీసి ఆపేసరికి టీ బంకు ఆయన తువ్వాలు ఊపుకుంటూ రోడ్డు మీదకి వచ్చాడు.

"ఎవరు పెట్టారు బాబాయ్ ఇవి?" అన్నాను.

"రాత్రి లారీ టైరు పేలింది బాబూ. వెనక బండ్లకి తెలియాలని రాళ్ళు, కొమ్మ పెట్టుకున్నాడు. స్టెప్నీ వేసుకుని పోయేటప్పుడు తియ్యాలన్న ధ్యాసే లేదు" అన్నాడు.

వాహనాలు కాస్త తెరిపి ఇచ్చినప్పుడల్లా ఆయన ఒక్కో రాయినీ కాలితో నెట్టుకుంటూ మట్టిలోకి చేర్చాడు. నేను కొంచెం వెనక్కి పోయి రోడ్డు అంచున నిలబడి వచ్చేవాళ్ళకి చెయ్యి చూపించాను. చివరి రాయి మీద నల్లగా టైరు అచ్చు ఉంది. అంటే తెల్లవారేలోపు ఎవరో దాన్ని ఎక్కించారు. కారు అయితే సరే. బైకు అయితే ఆ మనిషి ఏమయ్యాడో.

మడిచి పెట్టుకునే ఎర్ర త్రికోణం బోర్డు ఒకటి క్యాబిన్‌లో పడి ఉంటే ఈ రాళ్ళతో పనే లేదు. ఆ డ్రైవరుని తిట్టడానికి మాత్రం నాకు నోరు రాలేదు. చీకట్లో, పక్కనుంచి బండ్లు దూసుకుపోతుంటే టైరు మార్చినవాడికి ఎప్పుడు అక్కణ్ణించి బయటపడదామా అనే ఉంటుంది. రాత్రి పూట హైవే మీద బండి ఆగితే 1033కి ఫోన్ చెయ్యొచ్చు, పెట్రోలింగ్ వాళ్ళు వస్తారు. ఆ నంబరు పెద్ద అక్షరాలతో లారీల అడ్డాల దగ్గర, డాబాల గోడల మీద రాయించాలి.

సాయంత్రం తిరిగి వస్తుంటే నంబూరు, కాజ మధ్య ఒకచోట డివైడర్ రెయిలింగ్ వంచి మనిషి పట్టేంత సందు చేసి ఉంది. రోజూ చూసేదే. ఇవాళ ఆ సందు ముందు ఒక పెద్దావిడ ఆకుకూరల బుట్ట నెత్తిన పెట్టుకుని నిలబడి ఉంది. ఒక అడుగు వేస్తుంది, హారన్ వినగానే వెనక్కి తీస్తుంది. బండి ఆపి వెళ్ళి, "అండర్‌పాస్ నుంచి పోవచ్చుగా అమ్మా?" అన్నాను.

"పోనూ రానూ ఎంత నడక నాయనా. ఈ మోకాళ్ళతో పొద్దుగూకేలోపు ఇల్లు చేరతానా? మా పొలం అటు, ఇల్లు ఇటు. రోడ్డే మధ్యలో వచ్చింది" అంది.

బుట్ట నేను అందుకుని, చెయ్యి పట్టుకుని దాటించాను. ఆ కాసేపట్లో నాకే గుండె దడదడలాడింది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. లేన్ వెడల్పు మూడున్నర మీటర్లు. ఒకవైపు మూడు లేన్లంటే పదిన్నర మీటర్లు. ఆవిడ నడక సెకనుకి మీటరు అనుకున్నా పది సెకన్ల పైనే కావాలి. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. ఆవిడ మొదటి అడుగు వేసేటప్పుడు 220 మీటర్ల అవతల చుక్కలా కనబడిన కారు, రోడ్డు దాటేలోపు ఆవిడ మీదే ఉంటుంది. అంత దూరం నుంచి వచ్చేదాని వేగం అరవైయ్యా, వందా అని డెబ్బై ఏళ్ళ కళ్ళు ఎలా పోలుస్తాయి? నడిచేవాళ్ళని కారు గుద్దినప్పుడు, దాని వేగం 50 నుంచి 65కి పెరిగితే ప్రాణం పోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, అందులో నడిచి వెళ్ళేవాళ్ళే 32,825 మంది.

రాంగ్ రూట్‌లో వచ్చే బండ్ల సంగతీ ఇంతే. ఆఫీసులో అందరూ వాళ్ళని తిడతారు. ఎదురుగా వచ్చినప్పుడు నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ ఎదురుగా కనిపించే ఇంటికి చేరాలంటే అంత దూరం పోయి యూటర్న్ తీసుకుని రమ్మంటే, రోజూ ఎందరు వింటారు? ఫైన్లు వెయ్యాల్సిందే. దాంతోపాటు దారీ చూపించాలి. ఈ రోడ్డు వేసేటప్పుడు దాని మీద పోయేవాళ్ళని తలుచుకున్నంతగా, దానికి అటూ ఇటూ బతికేవాళ్ళని తలుచుకోలేదని నా గట్టి నమ్మకం. విజయవాడ ఊళ్ళోకి రాకుండా పోయే బైపాస్ వచ్చినా చినకాకాని నుంచి గుంటూరు వైపు ఉన్నది ఇదే రోడ్డు.

ఒక చోటుని బ్లాక్‌స్పాట్, అంటే తరచూ ప్రమాదాలు జరిగే చోటు అని గుర్తించాలంటే ఓ లెక్క ఉంది. సుమారు 500 మీటర్ల ముక్కలో, మూడేళ్ళలో, ప్రాణాలు పోయినవో తీవ్రంగా గాయపడినవో ఐదు ప్రమాదాలు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి. ఆ సందు దగ్గర అంత లెక్క తేలేదాకా ఆగాలా? వంగిన రెయిలింగే చెబుతోంది కదా జనం ఎక్కడ దాటుతున్నారో.

అన్నం పెడుతూ మా ఆవిడ, "బస్సులో పోరాదుటండీ" అంది. నేను పోవచ్చు. ఆ పెద్దావిడ ఏ బస్సెక్కి పొలానికి పోవాలి?

భోజనం అయ్యాక హైవే అధికారులకి అర్జీ రాయడం మొదలుపెట్టాను. సందు మూసెయ్యండని రాయలేదు. ఒకటి మూస్తే పక్కన ఇంకోటి వంగుతుంది. మనుషులు దాటడానికి అక్కడే దారి కావాలని రాశాను. కాలివంతెన కడితే మెట్లు ఎక్కలేనివాళ్ళకి ర్యాంపు కావాలి. అది వచ్చేదాకా రెండు వైపులా బండ్లు నెమ్మదించేలా రోడ్డుకి అడ్డంగా వేసే గరుకు పట్టీలు (రంబుల్ స్ట్రిప్పులు), వెలుగు బాగా పడే లైటు, దూరం నుంచే కనబడే హెచ్చరిక బోర్డు. ఊళ్ళో వాళ్ళ సంతకాలకి వెనక పేజీ ఉంచాను. కిలోమీటరు రాయి నంబరు దగ్గర ఖాళీ వదిలాను, పొద్దున పోయేటప్పుడు చూసి రాయాలి.