మేమేం చేశామని?

మా పెద్దదానికి డిబేట్ క్లబ్‌లో ఒక అంశం ఇచ్చారు: జాతివివక్ష గురించి మాట వచ్చినప్పుడు తెల్లవాళ్ళు మాట్లాడాలా, విని ఊరుకోవాలా. దీనికి ‘మాట్లాడాలి’ పక్షం పడింది. రాత్రి భోజనాల దగ్గర నన్నడిగింది. ఇలాంటివి అడిగితే చాలు, నాకు పూనకం వస్తుంది. పప్పు గరిటె చేత్తో పట్టుకునే మొదలెట్టాను. ముందు వినాలి. ‘నేనలాంటివాణ్ణి కాదు’ అని అడ్డం పడకూడదు. కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఓదార్చే పని మన నెత్తిన వెయ్యకూడదు. మీరే నేర్పండి అని మన వెంటపడకుండా ముందు వాళ్ళ ఇళ్ళల్లో, వాళ్ళ చుట్టాలతో మాట్లాడుకోవాలి. ముఖ్యంగా, ‘ఎప్పుడో ఎవరో చేసినదానికి నేనేం చేశాను’ అనకూడదు.

అది అంతా విని, పెరుగు వేసుకుంటూ, “నాన్న వంద డాలర్లప్పుడు అదే అన్నాడుగా” అంది.

మా వాషింగ్టన్ రాష్ట్రంలో 2024 జనవరి నుంచి ఇంటి దస్తావేజు రిజిస్టరు చేయిస్తే దానిమీద 100 డాలర్లు అదనంగా కట్టాలి. ఒకప్పుడు సియాటిల్ చుట్టుపక్కల వేల ఇళ్ళ పత్రాల్లో తెల్లవాళ్ళకి తప్ప అమ్మకూడదు, తెల్లవాళ్ళు తప్ప ఉండకూడదు అని రాసుండేది. కొన్నిట్లో ఒక మినహాయింపు కూడా: ఇంట్లో పనిచేసే నౌకర్లయితే ఉండొచ్చు. కోర్టులు వీటిని అమలు చెయ్యకూడదని 1948లో సుప్రీంకోర్టు చెప్పినా, 1968లో ఇళ్ళ అమ్మకాల్లో వివక్షని నిషేధించే చట్టం వచ్చేదాకా ఆ పద్ధతి ఏదో ఒక దారిన నడుస్తూనే ఉంది. అలా నష్టపోయిన కుటుంబాలవాళ్ళు ఇవాళ మొదటి ఇల్లు కొనుక్కుంటుంటే డౌన్ పేమెంటుకి ఈ డబ్బులోంచి సాయం చేస్తారు. అర్హుల జాబితాలో నల్లవాళ్ళతో పాటు భారతీయులూ ఉన్నారు. అంటే మేం కాదు. 1968కి ముందే ఇక్కడున్నవాళ్ళు, వాళ్ళ సంతానం. 1907లో ఇదే రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్ కలప మిల్లుల్లోంచి తెల్ల కూలీలు తరిమికొట్టిన పంజాబీల్లాంటివాళ్ళ మునిమనవలు అనుకోండి.

మేం ఇల్లు కొన్నప్పుడు కాగితాల మీద సంతకాలు పెట్టి వస్తూ కారులో మా ఆయన, “నిన్నగాక మొన్న వచ్చాం. మనమేం చేశామని కట్టాలి?” అన్నాడు. అంత పెద్ద లోను తీసుకున్న మనిషికి ఆ వందే కనిపించింది. నేనేమీ అనలేదు. ఆయన అనకపోతే నేనే అందును. వెనక సీట్లో ఇది చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకునుంది కదా అనుకున్నాం. పెట్టుకుంటే వినపడదని ఎవరన్నారు?

పక్కింటాయన సియాటిల్ దగ్గరి ఎవరెట్‌లో, బోయింగ్ విమానాల ఫ్యాక్టరీలో మెషినిస్టు. 2024 సెప్టెంబరులో దాదాపు 33,000 మంది సమ్మెకి దిగినప్పుడు ఆయనా దిగాడు. యూనియన్ ఇచ్చే సమ్మె భత్యం వారానికి 250 డాలర్లు. ఆ రోజుల్లో కంచె దగ్గర మాటల్లో, తెల్లవాడిగా పుట్టినందుకు నాకేదో ఒరిగిందంటారు, ఏం ఒరిగిందో చూపించండి అన్నాడు. నేను నవ్వేసి లోపలికొచ్చి, పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాను. ఆయన తండ్రి కూడా ఫ్యాక్టరీ మనిషే. ఆ యూనియన్ 1948 దాకా నల్లవాళ్ళని చేర్చుకోలేదు. ఆ ఇల్లు ఆ తండ్రి కొన్నదే, అప్పట్లో ఎవరు పడితే వాళ్ళు కొనగలిగేవారా, అదీ ఇదీ. నేను చెప్పింది తప్పు కాదు. కాకపోతే ఆయనకి చెప్పాల్సింది నా పిల్లలకి చెప్పాను.

పైగా ఆయన వైపు నుంచి చూస్తే మేమెవరం? రెండు సాఫ్ట్‌వేర్ జీతాలు. మాలాంటివాళ్ళం పోటీపడి కొనబట్టే ఆయన ఇంటి విలువా, దానిమీద పన్నూ పెరిగాయి. అమ్ముకుంటే లాభమేగా అంటుంది మా చెల్లెలు. అమ్ముకుని ఎక్కడికి పోతాడు?

మా ఆఫీసులో తెల్లవాళ్ళు మాత్రం నా జాబితా అంతా కంఠతా పట్టారు. వింటారు, తలాడిస్తారు, ‘నా స్థానమేమిటో నాకు తెలుసు’ అంటారు. ఇంటి ముందు జాతివివక్ష వద్దని బోర్డులు కూడా పెడతారు. తర్వాత స్కూలు రేటింగు చూసి ఇల్లు కొనుక్కుంటారు. మేమూ అలాగే కొన్నాం. ఆ రాత్రే నాకు తట్టింది, నేను గరిటె పట్టుకుని చెప్పిన నియమాలన్నీ కాలేజీలో, ఆఫీసు ట్రైనింగుల్లో నేర్చుకునే నియమాలే. అవి వచ్చినవాడు మంచివాడు, రానివాడు జాత్యహంకారి. మనసులో ఉన్నది పైకి అన్నవాడు ఆ మెషినిస్టొక్కడే. వాడి మాటకి జవాబుంది. మా ఆఫీసు మౌనానికి ఏం జవాబు చెప్పను?

మౌనం సంగతి నాకు బాగా తెలుసు. గుంటూరులో మా బాబాయి ఫోన్లో రిజర్వేషన్ల మీద విరుచుకుపడుతూ, “తాతలు చేసినదానికి మేమా?” అంటే, పెద్దాయన కదా అని ‘ఊఁ’ కొడతాను. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర మండలి కులవివక్షని నిషేధించినప్పుడు మా వాట్సాప్ గ్రూపు భగ్గుమంది. ఇక్కడ కులమెక్కడిది, మనమేం చేశామని ఈ నింద అన్నారు. అక్కడా ఊరుకున్నాను. మా ఇంటిపేరు వినగానే మేమెవరిమో పట్టేయని తెలుగువాళ్ళు ఆ గ్రూపులో ఒక్కరూ లేరు. దానికి నెల ముందే ఆదోని నుంచి చదువుకోడానికి వచ్చిన కందుల జాహ్నవిని సియాటిల్‌లో పోలీసు కారు గుద్ది చంపింది. ఆ అమ్మాయి ప్రాణం విలువ అంతంతే అన్నట్టు ఇంకో పోలీసు అధికారి నవ్వుతూ మాట్లాడిన రికార్డింగు సెప్టెంబరులో బయటపడింది. అప్పుడు అదే గ్రూపులో అందరం కుమిలిపోయాం. తెల్లవాళ్ళు నోరెందుకు విప్పరు అని పేజీలకి పేజీలు రాసింది నేనే.

ఇవన్నీ పెద్దదానికి చెప్పలేదు. చెబితే నోట్సు రాసుకుంటుంది. దాని వాదన మాత్రం వేరేగా తయారైంది: ఊరుకున్నవాళ్ళు వింటున్నట్టు కాదు, మాట్లాడనిస్తేనే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. నేను కాదన్నాను. మాట్లాడనిస్తే ఆ మాటలు పడేది ఎవరు? క్లాసులో ఉన్న ఒకరిద్దరు నల్లపిల్లలే కదా. దానికీ జవాబు దొరకలేదు, నాకూ దొరకలేదు.

మొన్న పక్కింటాయన చెత్తబుట్టలు లోపల పెడుతూ కనిపిస్తే, సమ్మె చేసి ఏం సాధించారని అడిగాను. నాలుగేళ్ళలో 38 శాతం జీతం పెరుగుతుందట, అడిగిన పెన్షన్ మాత్రం తిరిగి రాలేదట. మీ కంపెనీల్లో మనుషుల్ని తీసేస్తున్నారటగా, మీ ఉద్యోగాలు పర్లేదా అన్నాడు. అరగంట సేపు ఇద్దరం డబ్బు కష్టాలే చెప్పుకున్నాం. యూనియన్‌లో 1948కి ముందు సంగతి నా నాలిక చివరిదాకా వచ్చింది. వాన మొదలైంది, లోపలికొచ్చేశాను.