ఇరవై నుంచి పద్నాలుగుకు: మెటల్ డిటెక్టర్ సెన్సిటివిటీతో నా అనుభవం

ఇంటి వెనుక తోటలో కలుపు తీస్తుండగా మా అక్క ఉంగరం జారిపోయింది. చేతులు కడుక్కునేదాకా ఆమెకు ఆ సంగతి తెలియలేదు కాబట్టి ఏ మడిలో పడిందో చెప్పలేని పరిస్థితి. చేతులతోనూ జల్లెడతోనూ వెతికి విసిగిపోయిన తరువాత, ఒక మిత్రుడి దగ్గర మెటల్ డిటెక్టర్ ఉన్నట్టు గుర్తుకు వచ్చి అడిగి తెచ్చుకున్నాను. యంత్రం చేతిలో ఉంటే గంటలో పని అయిపోతుందని అనుకున్నాను గాని, నిజానికి మూడు రోజులు పట్టింది. అందులో ఎక్కువ కాలం ఉంగరం వెతకడంలో కాదు, సెన్సిటివిటీ మీటను ఏ అంకె దగ్గర ఆపాలో తేల్చుకోవడంలోనే గడిచింది.

ఆ యంత్రంలో సెన్సిటివిటీకి 1 నుంచి 20 వరకు అంకెలున్నాయి. ఎక్కువ పెడితే ఎక్కువ లోతు చూస్తుందన్న నమ్మకంతో మొదటి రోజు నేరుగా 20 దగ్గర పెట్టాను. కాయిల్‌ను, అంటే కర్ర చివర ఉండే తీగచుట్టల పళ్లేన్ని, నేలకు దించకముందే హెడ్‌ఫోన్స్‌లో కిచకిచలు మొదలయ్యాయి. నేలపై ఊపడం మొదలుపెట్టాక అవి ఆగలేదు. ప్రతి కూతకూ ఒక గొయ్యి చొప్పున 11 గోతులు తవ్వితే రెండు మేకులు, ఒక తుప్పు పట్టిన తీగ ముక్క, ఒక సీసా మూత, కాస్త అల్యూమినియం రేకు దొరికాయి. మిగిలిన గోతుల్లో మట్టి తప్ప మరేమీ లేదు. గట్టు మీద కూర్చుని చూస్తున్న అక్క చివరికి, "ఒరేయ్, అది ఉంగరం కోసం అరుస్తోందా, ఊరికే అరుస్తోందా?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

రెండో రోజు పొద్దున ఆ గోల భరించలేక మీటను 6కు దించాను. ఒక్కసారిగా అంతా ప్రశాంతమైంది, తోట మొత్తం గంటన్నరలో తిరిగేశాను, ఒక్క కూత కూడా రాలేదు. ఉంగరం ఇక్కడ పడలేదేమోనని అక్కతో అనబోతూ, ఎందుకో అనుమానం వచ్చి ఆమె రెండో చేతి ఉంగరాన్ని అడిగి గడ్డి మీద పెట్టి, దాని పైన కాయిల్‌ను ఊపి చూశాను. ఉలుకూ పలుకూ లేదు. కాయిల్‌ను ఉంగరానికి బెత్తెడు దూరం దాకా దించితే తప్ప యంత్రం పలకలేదు. గడ్డి ఎత్తుగా ఉండడం వల్ల అప్పటిదాకా నేను కాయిల్‌ను అంతకంటే పైనే తిప్పాను. అంటే ఆ గంటన్నరా నేను విన్నది నిశ్శబ్దం కాదు, యంత్రానికి పట్టిన చెవుడు.

అక్కడ ఆగి, ఈ మీట అసలు ఏం చేస్తుందో యంత్రంతో వచ్చిన పుస్తకాన్ని శ్రద్ధగా చదివాను. ఇటువంటి డిటెక్టర్‌లో కాయిల్ సెకనుకు వేల సార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. ఆ క్షేత్రం తగిలిన లోహంలో సుడులుగా విద్యుత్తు పుట్టి, దాని వల్ల మరో చిన్న క్షేత్రం తిరిగి వస్తుంది. రెండో తీగచుట్ట పట్టుకునే ఆ బలహీనమైన సంకేతాన్ని ఎంత పెంచి వినిపించాలో నిర్ణయించేదే సెన్సిటివిటీ. దీనికీ వాల్యూమ్‌కూ సంబంధం లేదు. వాల్యూమ్ మన చెవికి వినిపించే శబ్దాన్ని మాత్రమే మారుస్తుంది. నేను మొదటి రోజు ఈ రెండింటినీ దాదాపు ఒకటే అనుకున్నానని ఒప్పుకోవాలి. సంకేతాన్ని పెంచే మీట దానితో పాటు నేల నుంచీ గాలి నుంచీ వచ్చే గొడవను కూడా అంతే పెంచుతుంది. గరగరమంటున్న రేడియోను ఇంకా గట్టిగా పెడితే పాట ఎంత స్పష్టమవుతుందో, 20 దగ్గర నా ఉంగరం అంతే స్పష్టమైంది.

లోతు విషయంలో ఒక లెక్క నన్ను బాగా ఆశ్చర్యపరిచింది. కాయిల్ నుంచి దూరం పెరిగే కొద్దీ క్షేత్రం చాలా వేగంగా క్షీణిస్తుంది. కొంత దూరం దాటాక దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. వెళ్లేటప్పుడు ఒకసారి, ఉంగరం నుంచి తిరిగి వచ్చేటప్పుడు మరోసారి అలా తగ్గడం వల్ల, చిన్న వస్తువు ఇచ్చే సంకేతం దూరపు ఆరో ఘాతానికి విలోమంగా పడిపోతుంది. దీన్ని తిప్పి చూస్తే, సంకేతాన్ని రెట్టింపు పెంచినా అదనంగా దక్కే లోతు సుమారు 12 శాతమే. 20 సెంటీమీటర్ల దగ్గర వినబడేది 22 సెంటీమీటర్లు దాటి కొద్దిగా వినబడుతుంది. అంత చిన్న లాభం కోసం చెవులు హోరెత్తించుకోవడం ఎందుకని అప్పుడు అనిపించింది. పైగా కలుపు తీస్తూ పారేసుకున్న ఉంగరం 20 సెంటీమీటర్ల లోతుకు పోయి ఉంటుందని అనుకోవడానికి కారణమే లేదు.

అయితే మీటను దించడానికి ముందు, అసలు గొడవ ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవాలి. దీనికి పనికొచ్చిన పరీక్ష చాలా సులువైనది. కాయిల్‌ను గాలిలో కదలకుండా పట్టుకున్నాను. అప్పుడు కూడా కూతలు వస్తే తప్పు నేలది కాదు, చుట్టుపక్కల విద్యుత్తుది. నా విషయంలో మొదటి నేరస్థుడు నా జేబులోని ఫోనే. దాన్ని గట్టు మీద పెట్టి వచ్చేసరికి సగం కూతలు పోయాయి. నీళ్ల మోటారు ఆపిస్తే మరికొన్ని తగ్గాయి. పైనుంచి వెళ్లే కరెంటు తీగలను ఆపలేను కనుక, యంత్రంలో పౌనఃపున్యాన్ని కొద్దిగా జరిపే బొత్తాన్ని ఒక్కొక్క మెట్టు నొక్కుతూ అన్నిటికంటే ప్రశాంతంగా ఉన్న చోట వదిలాను. ఇదంతా సెన్సిటివిటీని ముట్టుకోకుండానే జరిగింది. ఈ పని చేయకుండా మీటను దించి ఉంటే, జేబులోని ఫోను కోసం లోతును వదులుకున్నవాణ్ణి అయ్యేవాణ్ణి.

తరువాత నేల సంగతి. మా మట్టి ఎర్రనిది, ఇనుప ఖనిజం ఎక్కువ. కాయిల్‌ను నేలకు దగ్గరగా తెచ్చి, పైకి ఎత్తి, మళ్లీ దించితే ప్రతిసారీ ధ్వని లేచి పడేది. ఈ లేచి పడడాన్ని సరిచేసేది గ్రౌండ్ బ్యాలెన్స్. లోహం లేని ఒక చోటు చూసుకుని, కాయిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ ధ్వని మారకుండా ఉండే దాకా దాన్ని సర్దాను. కర్రకు వదులుగా చుట్టిన కాయిల్ వైరు ఊగుతూ దొంగ కూతలు పుట్టిస్తున్న సంగతి కూడా అప్పుడే కనిపించింది; గట్టిగా చుట్టి పట్టీ వేశాను.

ఇవన్నీ అయ్యాకే అంకె దగ్గరకు వచ్చాను. లోహం లేదని తేల్చుకున్న మీటరు పొడవు నేలపై కాయిల్‌ను ఒకే ఎత్తులో ఊపుతూ, 20 నుంచి ఒక్కొక్క అంకె దించుతూ వచ్చాను. 17 దగ్గర ప్రతి ఊపుకూ ఒకటి రెండు కూతలు, 15 దగ్గర నాలుగైదు ఊపులకు ఒకటి, 14 దగ్గర ఎప్పుడో గాని ఒకటి. పూర్తిగా మూగబోయే దాకా దించాలన్న కోరిక కలిగినా నిగ్రహించుకున్నాను. దొంగ కూత అదే చోట రెండోసారి రాదు, లోహం ఇచ్చే కూత మాత్రం ఎన్నిసార్లు ఊపినా వస్తుంది, అడ్డంగా తిరిగి ఊపినా వస్తుంది. ఆ తేడా చెవికి పట్టినంత వరకు అప్పుడప్పుడూ వచ్చే ఒక కూతతో నష్టం లేదు.

14ను నమ్మాలా అన్నది అక్క ఉంగరంతో తేల్చుకున్నాను. మట్టిలో పెట్టడానికి ఆమె మొదట ససేమిరా అంది. చివరికి బారెడు దారం కట్టి, ఆ కొసను తన చేతిలోనే పట్టుకుని ఒప్పుకుంది. ఒక ఉంగరం వెతుకుతూ రెండోది పోగొట్టుకోగల మనిషినని ఆమెకు నా మీద ఉన్న అంచనా తప్పేమీ కాదు. 15 సెంటీమీటర్ల లోతులో బల్లపరుపుగా పెడితే, 20 దగ్గర కూత ముక్కలు ముక్కలుగా, గోలలో కలిసిపోయి వినిపించింది. 14 దగ్గర రెండు దిక్కులా ఒకే గుండ్రని ధ్వని వచ్చింది. 8 దగ్గర ఏమీ వినిపించలేదు; 10 సెంటీమీటర్లకు పైకి తెస్తేనే పలికింది. ఉంగరాన్ని అంచు మీద నిలబెడితే అన్ని చోట్లా ధ్వని సన్నబడింది, ఎందుకంటే క్షేత్రానికి ఎదురుగా నిలిచే వలయం అప్పుడు చిన్నదవుతుంది. తెరపై ఉంగరం చూపిన అంకె (ఇది సెన్సిటివిటీ కాదు, లోహపు రకాన్ని సూచించేది), ముందు రోజు దొరికిన అల్యూమినియం రేకు చూపిన అంకెకు పక్కనే ఉంది కాబట్టి, డిస్క్రిమినేషన్‌తో, అంటే కొన్ని రకాల లోహాలకు కూత రాకుండా చేసే అమరికతో, రేకులను వదిలించుకునే ఆలోచన మానుకుని ఇనుమును మాత్రమే తోసిపుచ్చేలా ఉంచాను.

మూడో రోజు గడ్డిని నేలకంటా కోయించి, తాళ్లు కట్టి తోటను పట్టీలుగా విడదీశాను. రాత్రి వాన పడి నేల తడవడంతో 14 మళ్లీ గొణగసాగింది; పరీక్ష మళ్లీ చేసి 12కు వచ్చాను. మధ్యాహ్నానికి తోటంతా అయింది, ఉంగరం మాత్రం రాలేదు. మిగిలింది ఇనుప తీగల కంచె వారనున్న మూరెడు వెడల్పు నేల.

అక్కడ 12 పనికిరాలేదు. పెద్ద కాయిల్ ఉంగరం కంటే ముందు కంచెనే చూస్తున్నది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ శరీరంలో చిక్కుకున్న తూటాను అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన పరికరంతో వెతికి విఫలమైనప్పుడు, మంచంలోని లోహపు స్ప్రింగులు సంకేతాన్ని చెడగొట్టాయని చెబుతారు. నా కంచె నాకు ఆ మంచమైంది. మిత్రుడు సంచిలో పెట్టి ఇచ్చిన చిన్న కాయిల్‌ను బిగించి, గ్రౌండ్ బ్యాలెన్స్ మళ్లీ సర్ది, సెన్సిటివిటీని 8కి దించాను. కాయిల్‌ను కంచె వైపుకు కాకుండా కంచె వెంబడే ఊపాను, అలా చేస్తే తీగల ప్రభావం ఊపు పొడవునా ఒకేలా ఉండి చెవికి అడ్డురాదు. 8 దగ్గర లోతు చూడదని తెలిసీ, నేలను దాదాపు రాసుకుంటూ నెమ్మదిగా నడిచాను.

మూడో కంచె రాటకు కొద్దిగా ఇవతల సన్నని కూత ఒకటి వచ్చింది. మళ్లీ ఊపాను, మళ్లీ వచ్చింది. తెరపై అంకె కూడా పెద్దగా చలించలేదు. తాపీతో మట్టిని కొద్దికొద్దిగా తీసి, తీసిన ప్రతి పిడికెడునూ కాయిల్ ముందు ఆడించి చూశాను. నాలుగో పిడికిలి పలికింది. ఉంగరం గడ్డి వేళ్ల మధ్య అంచు మీద నిలబడి ఉన్నట్టు మట్టిలో దాని అచ్చు చూస్తే తెలిసింది, లోతు కొలిస్తే 6 సెంటీమీటర్లు. దానికి జానెడు దూరంలో, మొదటి రోజు 20 దగ్గర తవ్వి మేకు తీసి పూడ్చిన గొయ్యి ఇంకా తడిగానే ఉంది.