అయిదు సిలిండర్ల మోడల్: బిగింపు మారిస్తే రేడియల్, మారిస్తే రోటరీ

నక్షత్రంలా అయిదు సిలిండర్లు పేర్చిన ఇంజన్ మోడల్ ఇప్పుడు చేత్తో తిప్పితే ఎక్కడా పట్టకుండా తిరుగుతోంది. అన్నీ త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేసిన భాగాలే. సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) 20 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 30 మి.మీ. పిస్టన్ వ్యాసం బోరుకంటే 0.4 మి.మీ. తగ్గించి, లోపలి గోడల్ని సన్న ఎమరీ పేపర్‌తో రుద్దాను. షాఫ్ట్‌కి రెండు వైపులా 608 బేరింగులు.

సిలిండర్లు బిగించిన మధ్య పెట్టెను, అంటే క్రాంక్‌కేస్‌ను, వైస్‌లో బిగించి షాఫ్ట్ తిప్పితే ఇది రేడియల్. షాఫ్ట్‌ను బిగించి క్రాంక్‌కేస్ తిప్పితే ఇదే రోటరీ. లోపల ఒక్క స్క్రూ కదపనక్కర్లేదు. అది కళ్లారా చూడాలనే ఇంత పనీ పెట్టుకున్నాను.

మాస్టర్ రాడ్ (మిగతా నాలుగు రాడ్లూ తగిలించిన ప్రధాన రాడ్) ఉన్న పిస్టన్ పిన్ మీద ఎర్ర చుక్క, దాని సిలిండర్ తల మీద నల్ల చుక్క పెట్టి రోటరీగా తిప్పి చూశాను. రెండూ చక్కటి వృత్తాలే గీశాయి. నల్లది షాఫ్ట్ చుట్టూ, ఎర్రది 15 మి.మీ. పక్కనున్న క్రాంక్‌పిన్ (షాఫ్ట్‌లో మాస్టర్ రాడ్ తగిలే పిన్) చుట్టూ. బయటినుంచి చూస్తే పిస్టన్ ముందుకీ వెనక్కీ కొట్టుకోవడమే లేదు! కేంద్రాల మధ్య ఎడానికి రెట్టింపే స్ట్రోక్ అవుతోంది. తొలినాటి విమానాల రోటరీలు అంత నున్నగా నడవడానికి ఇదే కారణం. తిరిగే సిలిండర్లకు గాలి కూడా బాగా తగిలేది.

కాని ఇంజన్ బరువంతా గిర్రున తిరుగుతుంటే మలుపుల్లో విమానం ముక్కు పైకో కిందికో లాగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సాప్‌విత్ కామెల్ అనే బ్రిటిష్ యుద్ధవిమానం నడిపిన పైలట్లకు ఆ బాధ బాగా తెలుసు. పెట్రోలు మిశ్రమం బోలు షాఫ్ట్‌లోంచి క్రాంక్‌కేస్‌లోకి వెళ్లేది కాబట్టి, పెట్రోలులో సులభంగా కరగని ఆముదమే కందెన. అదీ పొగతో బయటికి పోయేది. యుద్ధం ముగిశాక రేడియల్‌దే రాజ్యం: 1927లో పైలట్ లిండ్‌బర్గ్ విమానంలో అట్లాంటిక్ దాటింది తొమ్మిది సిలిండర్ల రైట్ వర్ల్‌విండ్ అనే రేడియల్ ఇంజన్ మీదే. రోటరీని మెగోలా మోటార్‌సైకిల్ ముందు చక్రంలోనే ఇమిడ్చారు, నాకెంతో ఇష్టమైన బండి. మాజ్దా కార్ల రోటరీ మాత్రం పూర్తిగా వేరే జాతి: మూడంచుల రోటర్ తిరిగే వాంకెల్ ఇంజన్, అందులో పిస్టన్లే ఉండవు.

ఇక మా మోడల్లో మిగిలింది వాల్వులను తెరిచే కామ్ రింగ్. పేలుడు వరస 1-3-5-2-4. రెండు లోబ్‌ల (వాల్వును నెట్టే ఉబ్బుల) రింగ్ షాఫ్ట్‌కి ఎదురు దిశలో, నాలుగో వంతు వేగంతో తిరగాలి. అందుకు షాఫ్ట్ మీద 16 పళ్ల గేరు, మధ్యలో 24 పళ్ల ఐడ్లర్ (తిప్పుడును అందించే మధ్య గేరు), రింగ్ లోపలి అంచున 64 పళ్లు. ఐడ్లర్ ఇరుసు క్రాంక్‌కేస్‌కే ఉంటుంది కాబట్టి రోటరీగా తిప్పినా ఇదే రింగ్ సరిపోతుంది. రింగ్ ఇప్పుడు ప్రింట్ అవుతోంది.